అమ్మ మధ్యాహ్నం డ్యూటీ

మధ్యాహ్నం రెండు కావస్తుంటే ఆడవాళ్ళ వార్డులో రోజూ ఒక హడావుడి మొదలవుతుంది. పొద్దుటి డ్యూటీ వాళ్ళు చెప్పులు మార్చుకుంటూ ఉంటారు. మధ్యాహ్నం డ్యూటీ వాళ్ళు మెట్లెక్కి ఆయాసపడుతూ వస్తారు. ఎవరి గ్లాసులో ఎవరు టీ తాగారన్న పాత తగాదా ఆ రోజుకి మళ్ళీ కొత్తగా రాజుకుంటుంది. భోజనాల గిన్నెలు తీసుకెళ్ళే బండి చక్రం ఒకటి వరండా చివరిదాకా కీచుమంటూనే పోతుంది. ఆ చక్రానికి నూనె వెయ్యమని ఇన్‌ఛార్జి సిస్టరు చెప్పని రోజు లేదు, ఎవరైనా వేసిన రోజూ లేదు.

ఆ సందడిలోనే చిన్న సిస్టరు ఉతికిన దుప్పట్ల మోపు భుజాన వేసుకుని లోపలికి వచ్చేది. పిలుపుకి సిస్టరే గానీ ఆమె నర్సు కాదు, వార్డు ఆయా. దుప్పట్లు మార్చడం, మంచం దిగలేనివాళ్ళకి ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ అందించడం, ఆపరేషన్ అయినవాళ్ళని భుజం ఆసరా ఇచ్చి నాలుగడుగులు నడిపించడం ఆమె పనులు. ఆ పిలుపు చిన్నప్పుడు బడిపిల్లగా ఉండగా అంటుకుంది. ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్నా వదల్లేదు.

ఆమె మొదటి మంచం దుప్పటి దులిపేసరికి ఎదురుగోడ మీదికి అమ్మ నీడ వచ్చేది.

అమ్మ అదే వార్డులో నర్సుగా చేసింది, అదే వార్డులో డ్యూటీలో ఉండగానే పోయింది. మనిషి పోయింది గానీ నీడ డ్యూటీ మానలేదు. తలమీద టోపీ, కాస్త ఎడమకి ఒరిగే నడక, చేతిలో తాళాల గుత్తి. రెండింటికి గోడెక్కితే రాత్రి ఎనిమిదికి దీపాలు తగ్గించేదాకా మంచం మంచం తిరుగుతూనే ఉండేది. సెలైన్ సీసా నీడ దగ్గర ఆగి వేలు పెట్టిందంటే అది అయిపోవస్తోందని అర్థం. నర్సులు అటు ఓ కన్నేసి ఉంచి, సీసా మార్చేవాళ్ళు. కొత్తగా చేరిన పేషెంటు ఎవరైనా గోడవైపు చూస్తుంటే పక్క మంచం ఆవిడ చెప్పేది: "ఆవిడ పాత సిస్టరమ్మా. చెయ్యి చాలా మెత్తన. నొప్పిగా ఉంటే గోడవైపు తిరిగి పడుకో, పక్కనే నిలబడుతుంది."

ఒకసారి ఇన్‌ఛార్జి సిస్టరు ఇంకో నర్సుని ఇవ్వమని పై ఆఫీసుకి వెళ్తే, "మీ వార్డులో ఇప్పటికే ఒకరు ఎక్కువ ఉన్నారుగా" అన్నారట. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "ఆవిడ చేత ఇంజెక్షన్లు చేయించమంటారా?" అని గట్టిగానే అడిగింది. అడిగితే ఏం లాభం, నర్సుని మాత్రం ఇవ్వలేదు.

చిన్న సిస్టరుకి ఈ నౌకరీలో జీతం కన్నా, సెలవు కన్నా ఇష్టమైనది ఆ ఆరుగంటలే. దుప్పటి మూల మడిచి పరుపు కింద దోపుతుంటే గోడమీద అమ్మ చేతులు కూడా మూల మడిచి దోపేవి. ఒక్కోసారి ఆమె సరిగ్గా దోపకపోతే అమ్మ నీడ అక్కడే ఆగిపోయేది, మళ్ళీ విప్పి దోపేదాకా కదిలేది కాదు. "ఇంకా తిట్టడం మానలేదు చూడు" అని నవ్వుకుంటూ మళ్ళీ దోపేది.

ఇంటికెళ్ళగానే నాన్న అడిగేవాడు, "ఈరోజు అమ్మ ఎలా ఉంది తల్లీ?"

"బాగానే ఉంది నాన్నా. మూడో బెడ్ మామ్మ దగ్గరే ఎక్కువసేపుంది."

"నడుము పట్టుకుందా?"

"కొంచెం."

నాన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. వార్డుకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళవని ఎవరైనా అడిగితే, "నేనెళ్తే పని మానేసి నాతో దెబ్బలాడుతూ కూర్చుంటుంది, పాపం పేషెంట్లకి ఇబ్బంది" అనేవాడు. ఆ మాటంటూ కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. అద్దాలు శుభ్రంగానే ఉండేవి.

ఇలా కడుపులో చల్ల కదలకుండా గడిచిపోతున్న రోజుల్లో ఆమెకి నర్సింగ్ డిగ్రీలో సీటొచ్చింది. ఇన్‌ఛార్జి సిస్టరు రెండేళ్ళుగా చెవిలో జోరీగలా పోరుపెడితే, ఆ పోరు పడలేక రాసిన పరీక్ష. పాసవుతానని ఆమె అనుకోలేదు. కాలేజీకి వెళ్తే కిటికీ వెనకాల ఉన్న ఆవిడ తలెత్తకుండానే అడిగింది, "ఫుల్‌టైమా, పార్ట్‌టైమా?"

"రెంటికీ తేడా ఏంటండీ?"

ఆవిడ తలెత్తింది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ అరిగిపోయిన గొంతుతో చెప్పింది. ఫుల్‌టైమ్ అయితే నాలుగేళ్ళు. రోజంతా క్లాసులు, కాలేజీ హాస్టల్లోనే ఉండాలి, ప్రాక్టికల్స్‌కి వాళ్ళు ఏ ఆసుపత్రికి పంపితే ఆ ఆసుపత్రికి వెళ్ళాలి. ఉద్యోగం చేస్తూ కుదరదు. పార్ట్‌టైమ్ అయితే వారంలో కొన్ని పొద్దుటి పూటలే క్లాసులు, ఉద్యోగం వదలక్కర్లేదు. కానీ ఏడేళ్ళు పడుతుంది.

"పార్ట్‌టైమ్‌లో చదివి మంచి నర్సులైనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. ఫుల్‌టైమ్‌లో చేరి మధ్యలో మానేసినవాళ్ళూ ఉన్నారు. మీ ఇంటి సంగతి మీకు తెలియాలి. శనివారం లోపు చెప్పండి."

వారమంతా ఆమె మీనమేషాలు లెక్కపెట్టింది. పైకి మాత్రం అలా కనిపించేది. లోపల సీటొచ్చిన రోజే తేల్చేసుకుంది. పార్ట్‌టైమే. అడిగినవాళ్ళకి చెప్పడానికి కారణాలు సిద్ధంగా ఉన్నాయి. నాన్న పెద్దవాడయ్యాడు, చేస్తున్న ఉద్యోగం పోతే మళ్ళీ దొరకదు, ఇన్నేళ్ళ తర్వాత పుస్తకం పడితే నెమ్మదిగా చదవడమే మంచిది. అన్నీ నిజాలే. అసలు కారణం మాత్రం వేరు. పార్ట్‌టైమ్ అయితే మధ్యాహ్నం డ్యూటీ ఎక్కడికీ పోదు. ఏడేళ్ళపాటు రోజూ రెండింటికి అమ్మ గోడెక్కుతుంది, తను దుప్పటి దులుపుతుంది. ఏడేళ్ళు కాదు, పదేళ్ళ కోర్సు ఉన్నా ఆమె అందులోనే చేరేది.

నాన్నతో చెప్తే ఆయన బస్సుల లెక్కలోనే చెప్పాడు. "రెండూ ఒకే ఊరికి పోయే బస్సులే. ఒకటి ఎక్స్‌ప్రెస్, ఇంకోటి చెయ్యెత్తిన చోటల్లా ఆగుతుంది. ఆగే బస్సు మంచిది కాదని నేననను, నా ఉద్యోగమంతా అందులోనే గడిచింది. ఎవరికోసం ఆగుతున్నావో చెప్పు, చాలు."

ఆమె కంచాలు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

ఇన్‌ఛార్జి సిస్టరు మాత్రం అంత సుతారంగా మాట్లాడే మనిషి కాదు. "ఏడేళ్ళా? పొద్దున క్లాసులో కునుకు, మధ్యాహ్నం డ్యూటీలో పాఠం! ఉక్కుపిండాల్లాంటి వాళ్ళు చేస్తారు, కాదనను. నువ్వు చెయ్యలేవనీ కాదు. కానీ నీ ముఖం చూస్తే చదువుకోసం ఎంచుకున్నట్టు లేదు."

"నాన్న ఒక్కడే అయిపోతాడు మేడమ్."

"మీ నాన్నా? ఆయన రోడ్డుమీద నిలబడితే వచ్చేపోయే బస్సుల డ్రైవర్లందరూ పలకరిస్తారు. ఒక్కడట, ఒక్కడు!"

చిన్న సిస్టరు దుప్పట్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుంది. ఆ గదిలో ఉతికిన గుడ్డల వాసన, ఇస్త్రీ వేడి, వరండాలోంచి ఫినాయిల్ ఘాటు. ఆ వాసన తగిలితే చాలు, ఆమె వయసు సగానికి సగం తగ్గిపోయేది.

చిన్నప్పుడు బడి వదలగానే ఆమె తిన్నగా ఇక్కడికే వచ్చేది. నాన్న ఏ బస్సులోనో ఉండేవాడు, ఇంట్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. దుప్పట్ల మోపు మీద కూర్చుని లెక్కలు చేసుకునేది, అర్థం కాకపోతే కాళ్ళు బాగున్న పేషెంటు ఎవరైనా వచ్చి చెప్పేవాళ్ళు. ఎనిమిదింటికి రాత్రి డ్యూటీ నర్సు వచ్చాక అమ్మ ఆవిడకి మంచం మంచం తిప్పి అప్పగించేది. దాన్ని హ్యాండోవర్ అంటారు. వార్డులో అదొక ఆచారం లాంటిది. ఎవరికెలా ఉంది, ఏ మందిచ్చారు, ఏది ఇవ్వాలి అని చెప్పి, ఆఖర్న మందుల బీరువా తాళాలు చేతిలో పెట్టి, అవతలి మనిషి "తీసుకున్నాను" అన్నాకే డ్యూటీ దిగాలి. ఆ మనిషి రానిదే, ఆ మాట అననిదే, ఇల్లు తగలబడుతున్నా వార్డు వదిలి వెళ్ళకూడదు.

అసలు హ్యాండోవర్ అయిపోయాక అమ్మ కూతురికి ఇంకో హ్యాండోవర్ ఇచ్చేది. వంగి, చెవిలో, గుసగుసగా. "ఒకటో బెడ్ మామ్మకి జ్వరం తగ్గింది, మంచినీళ్ళు అడగడానికి మొహమాటం, మనమే ఇవ్వాలి. రెండో బెడ్ అక్కకి రేపు కుట్లు తీస్తారు, భయపడుతోంది, చెయ్యి పట్టుకోవాలి. తీసుకున్నావా?"

"తీసుకున్నాను. తాళాలో?"

"అమ్మో, తాళాలే! తాళాలు నర్సు చేతికే. చదువుకుని టోపీ పెట్టుకునిరా, ఇస్తాను."

పేషెంట్లు మంచాల మీంచి నవ్వేవాళ్ళు. "చిన్న సిస్టరు డ్యూటీ తీసుకుంది, ఇంక మనకేం భయం" అనేవాళ్ళు. తర్వాత తల్లీకూతుళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లు దిగేవాళ్ళు. దారిలో అమ్మ ఒక్కో మెట్టు మీదా ఒక్కో పాత జోకు వేసేది, పాతదైనా ఇద్దరూ నవ్వేవాళ్ళు. అలాంటి సాయంత్రాలు ఎన్ని గడిచాయో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. అయిపోతాయని తెలిస్తే కదా లెక్కపెట్టుకోవడం.

అందుకే ఇప్పుడు కూడా ఎనిమిదింటికి అమ్మ నీడ తలుపు పక్క గోడమీదికి వచ్చి నిలబడితే, తనకోసమే నిలబడిందనుకునేది. తను దుప్పట్ల గది గుమ్మంలో నిలబడేది. దీపాలు తగ్గించగానే అమ్మ చెరిగిపోయేది, తను మెట్లు దిగేది. ఇద్దరం కలిసే ఇంటికి బయల్దేరామన్న తృప్తి ఉండేది. వార్డులో అందరూ అలాగే అనుకునేవాళ్ళు. "కూతురికోసం ఆగుతుంది, తల్లి ప్రాణం" అనేవాళ్ళు.

శుక్రవారం సాయంత్రం డ్యూటీలో ఉన్నది కొత్త సిస్టరు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని పిల్ల. ఎనిమిదైంది. ఆమెని దింపాల్సిన రాత్రి నర్సు, అంటే రిలీవర్, ఇంకా రాలేదు. పేషెంట్లు భోజనాలు ముగించి పడుకున్నారు. కొత్త సిస్టరు భుజానికి సంచీ తగిలించుకుని తలుపు దగ్గర నిలబడింది. ఒక చెయ్యి నడుంమీద, ఇంకో చేతిలో తాళాలు. బరువంతా ఒక కాలిమీద వేసి, రెండో కాలి మడమ బూటులోంచి పైకి లాగింది. చూపు మెట్లమీద.

"ఈవిడ ఇంకో అరగంట రాకపోతే నా నడుము నా మాట వినదు చిన్న సిస్టరూ," అంది అటే చూస్తూ. "పని చేసేటప్పుడు తెలియదు. అయిపోయాక నిలబడటం ఉంది చూశారూ, దానికంటే ఇంకో డ్యూటీ చెయ్యడం నయం."

చిన్న సిస్టరు సరేలే అని నవ్వి తలెత్తింది. తలెత్తి అలాగే ఉండిపోయింది.

కొత్త సిస్టరు పక్కనే గోడమీద అమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి నడుంమీద, ఇంకో చేతిలో తాళాలు. బరువంతా ఒక కాలిమీద. రెండో మడమ బూటులోంచి పైకి. ముఖం మెట్లవైపు.

ఇన్నేళ్ళూ ఆ ముఖం మెట్లవైపే ఉంది. దుప్పట్ల గది గుమ్మం అమ్మ వీపు వెనకాల ఉంటుంది. తను నిలబడిన వైపు అమ్మ ఒక్కనాడూ చూడలేదు. ఆసుపత్రిలో చేసేవాళ్ళెవరికైనా ఆ నిలబడటం తెలుసు. అది బిడ్డకోసం ఆగిన తల్లి నిలబడటం కాదు. డ్యూటీ అయిపోయిన మనిషి రిలీవర్ కోసం నిలబడటం.

మెట్లమీద పరుగులాంటి చప్పుడు వినిపించింది. రాత్రి నర్సు "సారీ, సారీ, బస్సు దొరకలేదు" అంటూ రొప్పుతూ వచ్చింది. ఇద్దరూ మంచాలన్నీ తిరిగారు. "తీసుకున్నాను" అంది రాత్రి నర్సు. తాళాలు చేతులు మారాయి. అప్పటిదాకా వేలాడిన కొత్త సిస్టరు ముఖం వెలిగింది, రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం ఉన్నచోటే నిలబడి ఉంది.

చిన్న సిస్టరు తలుపు దగ్గరికి నడిచింది. ఆమె నీడ కూడా గోడెక్కి అమ్మ పక్కన పడింది.

"అమ్మా, నేనొచ్చాను. నాకివ్వు. నేను తీసుకుంటాను."

అమ్మ నీడ తలతిప్పింది. ఎన్నాళ్ళ నుంచో ఆ మాటకోసమే చూస్తున్నట్టు చకచకా ఒకటో మంచం దగ్గరికి నడిచింది. ఆ నడకలో నడుంనొప్పి లేదు. ఒక్కో మంచం దగ్గరా ఆగింది, చెయ్యి ఆడించింది, నుదురు తాకి చూపించింది. నిద్రపోని పేషెంట్లు కొందరు మోచేతుల మీద లేచి, తమ వంతు వచ్చినప్పుడు బుద్ధిగా పడుకున్నారు. కూతురు ప్రతి మంచం దగ్గరా "తీసుకున్నాను" అంటూ వెంట నడిచింది. ఆఖరి మంచం అయ్యాక అమ్మ మందుల బీరువా దగ్గర ఆగి తాళాల గుత్తి చాపింది. కూతురు అరచెయ్యి చాచింది.

గోడమీద రెండు చేతులూ కలవబోతుండగా అమ్మ ఆగింది. కూతురి నీడని కిందినుంచి పైదాకా చూసింది. తలదగ్గర చూపు ఆగింది. ఆ తలమీద టోపీ లేదు. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది. తాళాలు మళ్ళీ గుప్పిట్లోకి పోయాయి. రెండో చెయ్యి వచ్చి కూతురి జుట్టు ఒకసారి నిమిరింది. తర్వాత అమ్మ వెనక్కి నడిచి, తలుపు పక్కన మళ్ళీ ఎప్పటిలాగే నిలబడింది.

ఆ రాత్రి ఇన్‌ఛార్జి సిస్టరు ఇంకా ఇంటికి వెళ్ళలేదు. తన గది గుమ్మంలోంచి అంతా చూసింది. దగ్గరికి వచ్చి, ఎప్పుడూ లేనంత మెల్లగా అంది: "ఆ రోజు రావాల్సిన రిలీవర్ వానలో చిక్కుకుపోయింది. మీ అమ్మ అలా తలుపు దగ్గర నిలబడే కుప్పకూలింది. ఆ గొడవలో ఎవరమూ హ్యాండోవర్ తీసుకోలేదు. తర్వాత నేను రెండుసార్లు చెయ్యి చాపాను. ఇవ్వలేదు. మొండిమనిషి. ఎవరికోసం దాచిందో నాకప్పుడే తెలిసింది."

"నాకెందుకు చెప్పలేదు మేడమ్?"

"చెప్తే నీ నెత్తిన బరువు పెట్టినట్టవుతుంది. చదివితే నీకు ఇష్టమై చదవాలి. అందుకే పరీక్ష రాయమని మాత్రం నీ ప్రాణం తీశాను."

చిన్న సిస్టరు గోడకి చేరబడి ఏడ్చింది. ఏడుస్తూనే అంది, "ఏడేళ్ళు అమ్మ దగ్గర ఉందామనుకున్నాను మేడమ్. అంటే ఇంకో ఏడేళ్ళు అమ్మని కాళ్ళమీద నిలబెడదామనుకున్నాను."

ఇన్‌ఛార్జి సిస్టరు ఆమె భుజం మీద చెయ్యి వేసి దీపాలు తగ్గించేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు ఆమె కాలేజీకి వెళ్ళి ఫుల్‌టైమ్ అని చెప్పింది. కిటికీ వెనకాల ఆవిడ "బాగా ఆలోచించుకున్నారా?" అంది. "లేదండీ, నిన్న చూశాను" అంది చిన్న సిస్టరు. ఆవిడకి అర్థం కాలేదు, అయినా తలూపింది. నాన్నకి చెప్తే, "మంచిది. డిపోలో టైమ్‌కీపరుగా కూర్చోమని ఎప్పట్నుంచో అడుగుతున్నారు, పోయి కూర్చుంటా. ఇంట్లో నాకూ గోడలు చూసీ చూసీ విసుగొచ్చింది" అన్నాడు. కొంచెం ఆగి, "నాలుగేళ్ళేగా" అన్నాడు. ఎవరి గురించి అన్నాడో ఇద్దరికీ తెలుసు.

వార్డులో ఆఖరి రోజు ఆమె అన్ని మంచాల దుప్పట్లూ తనే మార్చింది. కొత్తగా వచ్చిన ఆయాకి మూలలు ఎలా దోపాలో చూపించింది. సరిగ్గా దోపకపోతే ఎవరు ఊరుకోరో కూడా చెప్పింది. హాస్టలుకి చీకటి పడకముందే చేరాలి కాబట్టి సాయంత్రం ఎండ ఇంకా కిటికీల్లో ఉండగానే బయల్దేరాలి. సంచీ భుజాన వేసుకుని మూడో మంచం దగ్గర గోడకి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నేను వెళ్తున్నాను. నిన్ను వదిలి వెళ్ళాలని లేదు, అయినా వెళ్తున్నాను. నాలుగేళ్ళు. టోపీ పెట్టుకుని వస్తాను. అప్పుడు ఆ తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపో. ఇంక ఆ మెట్లవైపు చూడకు. నీ రిలీవర్ బయల్దేరింది."

అమ్మ నీడ మంచం పక్కనున్న స్టూలు నీడ దగ్గరికి వెళ్ళి, చేత్తో దుమ్ము దులిపి, దానిమీద కూర్చుంది. బూట్లు విప్పి పక్కన పెట్టింది. కాళ్ళు చాపుకుంది. నౌకరీ చేసినన్నాళ్ళూ, చచ్చిపోయి గోడెక్కినన్నాళ్ళూ డ్యూటీలో ఆమె కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"పాపం, కూర్చుంది," అంది మూడో మంచం మామ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

చిన్న సిస్టరు వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగింది. చూస్తే ఆగిపోతానని ఆమెకి తెలుసు. వెనకనుంచి ఇన్‌ఛార్జి సిస్టరు గొంతు వార్డంతా వినిపించింది: "అందరూ వినండి. ఈ పిల్ల చదువై వచ్చేదాకా ఆ స్టూలు అక్కణ్ణుంచి ఎవరూ కదపకండి."